నవల్లో అమ్మ దగ్గింది

పోపు ఘాటుకి అమ్మ దగ్గుతుంది. ఆ వెంటనే మా హాలు పొడుగవుతుంది. పరామర్శకి వచ్చేవాళ్ళకి చోటు కావాలి కదా.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాన్న పడక్కుర్చీ ఉన్నచోటే ఉంది. దాని వెనకున్న గోడ మాత్రం తాపీగా వెనక్కి నడుచుకుంటూ పోతోంది. గోడకి తగిలించిన కేలండరు ముందు అరచేతంత, తర్వాత తపాలా బిళ్ళంత అయి, ఆ తర్వాత కనబడటం మానేస్తుంది. ఖాళీ అయిన చోట చాపలు వాటంతటవే విచ్చుకుని పరుచుకుంటున్నాయి.

"హైమా, ఎండుమిరపకాయ మాడిపోయిందే. ఆ కిటికీ తలుపు తియ్యి" అంటుంది అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడకింకా తెలీదు.

మేముండేది కాకినాడలో, ఒక నవల్లో, మేడమీది వాటాలో. మంచి నవలేనంటారు. సాహిత్య విలువలున్న నవలట. ఇలాంటి నవల్లో ఎవరి పాత్ర వాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. మా నాన్న ఆదర్శవాది. అందుకని పడక్కుర్చీలోంచి లేవడు. లేవబోతే కుర్చీ కూడా ఆయనతో పాటు లేస్తుంది. తమ్ముడు శశిభూషణ్ కథానాయకుడు, సున్నిత మనస్కుడు. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూడటం వాడి పని. బయట ఏమీ లేకపోయినా చూస్తాడు. నేను త్యాగం చేసే అక్కని. ఇప్పటిదాకా నా చదువు, ఒక పెళ్ళి సంబంధం, పాల మీద మీగడ త్యాగం చేసేశాను. ఏ ఒక్కటీ ఇష్టపడి చెయ్యలేదు. ఆ ముక్క నవలకి పట్టదు.

అమ్మ పేరు సత్యవేణి. అందరికీ వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక, గిన్నె అడుగున మిగిలింది తినడం ఆవిడ పని. ఇంతవరకూ ఒక్కసారి కూడా తేడా రానివ్వలేదు. నవల్లో ఆవిణ్ణి అమ్మ అని గుర్తుపట్టేది దాన్నిబట్టే.

నవల్లో అమ్మలకి మామూలు దగ్గు ఉండదు. బయట ఇళ్ళల్లో అమ్మలు ఎన్నిసార్లు దగ్గినా ఎవరూ తలెత్తి చూడరు. నవల్లో అమ్మ ఒకసారి దగ్గితే చాలు, పిలవకుండానే డాక్టరొస్తాడు. నాడి చూస్తాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, "మన చేతుల్లో ఏం లేదు" అంటాడు. ఆ మాట అన్నాక ఇక ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. మా వెనక వీధిలో ఇంకో నవల ఉంది. అందులో పెద్దావిడకి మంచినీళ్ళు తాగుతుంటే పొలమారింది. సాయంత్రానికల్లా ఆవిడ కొడుకు గుండుతో కనిపించాడు.

"అది పోపు దగ్గు" అని హాల్లోకి గట్టిగా చెబుతాను. "మిరపకాయ మాడింది, అంతే."

"మీ అమ్మ ఏనాడూ తన బాధ పైకి చెప్పుకోలేదు" అంటాడు నాన్న. ఆయన గొంతు అప్పుడే వణకడం మొదలుపెట్టింది.

"బాధ కాదు నాన్నా. మిరపకాయ."

"అదే. చెప్పుకోదంటున్నాను."

శశి కిటికీలోంచి తల తిప్పడు. "అక్కా, ఆకాశం నెత్తురు రంగులోకి మారింది" అంటాడు.

"ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు కదరా."

"నాకలాగే కనిపిస్తోంది. సందు మొదట్లో డాక్టరు గారు రిక్షా దిగుతున్నారు."

ఎవరూ కబురు పెట్టలేదు. పరామర్శవాళ్ళు కూడా అప్పుడే మెట్లెక్కి వచ్చేస్తున్నారు. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకునే వస్తున్నారు. ఎవరి చాప మీద వాళ్ళు కూర్చుని వంటింటి వైపు చూస్తారు. వంటింట్లో అమ్మ దోసకాయ పప్పులో పోపు కలుపుతోంది. ఇంగువ వాసన హాలంతా నిండింది. ఆ వాసన ఒక్కరికీ తగలదు.

ఎదురింటి కామేశ్వరమ్మ గారు వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది. పరామర్శల్లో ఆవిడెప్పుడూ ముందు వరసే. "నువ్వున్నావుగా తల్లీ" అంటుంది. "నీ పాత్ర నీకు తెలుసు. ఆ ఒక్క మాట అనెయ్యి. అమ్మ బతుకుతుంది. చదివేవాళ్ళు కూడా కంటతడి పెడతారు."

'నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకమ్మా' అన్న మాట నా నాలుక మీదకి దానంతటదే వచ్చి కూర్చుంది. అన్నానంటే అయిపోయినట్టే. నేను పోతాను, అమ్మ ఉంటుంది. ఎవరు పోయినా నవలకి ఒకటే. పళ్ళు బిగించి ఆ మాటని మింగేస్తాను. గొంతులో గీరుకుంటూ దిగుతుంది. నాకు అమ్మ కావాలి. నేను కూడా నాకు కావాలి. ఇద్దరం బతికుండి, ఎండాకాలం మధ్యాహ్నం పూట గుమ్మడి వడియాలు వేయించుకుని కరకరలాడించాలి. ఇంతకంటే పెద్ద కోరిక నాకు లేదు. ఇది కూడా ఇవ్వనంటే ఒళ్ళు మండిపోతుంది.

చెయ్యి విడిపించుకుని పెరటి మెట్లు దిగుతాను. కింది వాటాలో వీరభద్రం గారుంటారు. ఆయన మా నవల్లో దుర్మార్గుడు. రోజూ తెల్లారేసరికి ఆయన మీసం దానంతటదే మెలితిరిగి ఉంటుంది. ఇప్పుడాయన పెరట్లో గులాబీ మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. మొక్కలు ఆయనంటే భయపడి పూస్తాయి.

"వీరభద్రం గారూ, మా అమ్మ దగ్గింది."

"ఇన్నానండి" అంటాడు చెంబు కింద పెట్టి. "పోపు దగ్గేగా? ఇంగువ వాసన కిందదాకా వచ్చింది."

నాకు ఏడుపొచ్చినంత పనవుతుంది. "మీరొక్కరే గ్రహించారు."

"మంచోళ్ళకి ముక్కు పనిచెయ్యదండి. గుండె ఒక్కటే పనిచేత్తది."

"ఏదో ఒకటి చెయ్యండి. మా ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"ఎలా చేత్తారండి? మంచోళ్ళ పని బాధపడటం. పని చేసేవోణ్ణి ఈ నవల్లో నేనొక్కణ్ణే." ఆయన మీసం తడుముకుంటాడు. "ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళకి అడ్డుపడ్డాను. డాక్టరుకి ఎప్పుడూ అడ్డుపళ్ళేదు. మెట్ల మీద కాసేపు ఆపుతాను. కానండీ, ఆపితే సరిపోదు. అమ్మగారు అమ్మగా కనపడినంతకాలం ఈ డాక్టరు కాకపోతే ఇంకో డాక్టరొత్తాడు."

"మరేం చెయ్యమంటారు?"

"కనపడకుండా చేసెయ్యండి. అమ్మగారెప్పుడు తింటారు?"

"ఆఖర్న."

"ఆయ్. ఇయ్యాళ మొదట పెట్టెయ్యండి. అందరికంటే ముందు, వేడివేడిగా, కడుపు నిండా. అప్పుడింక నవల గుర్తుపట్టదు."

ఇంత చిన్న పనా అనుకుంటూ మెట్లెక్కుతాను. వీధి వైపు మెట్ల మీద డాక్టరు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆయన తొందరపడటం లేదు. పైకి చేరతానని ఆయనకి తెలుసు.

వంటింట్లో పీట వాలుస్తాను. కంచం పెట్టి, అన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి వేస్తాను.

"అమ్మా, కూర్చో."

"మీ నాన్న తిన్నారా?"

"తర్వాత తింటారు."

"శశి?"

"తర్వాత."

"పాపం, అంతమంది వచ్చారు. వాళ్ళు?"

"అమ్మా, నువ్వు కూర్చో."

ఆవిడ కూర్చోవాలనే చూస్తుంది. మోకాళ్ళు వంగవు. నిండు కంచం ముందు వంగడం వాటికి అలవాటు లేదు. నేను భుజాలు పట్టుకుని మెల్లిగా కిందికి నొక్కుతాను. మోకాళ్ళు కొత్త తలుపుల్లాగా కిర్రుమంటాయి. చివరికి కూర్చుంటుంది. పప్పూ అన్నం కలిపి ముద్ద చేస్తుంది. ముద్ద ఎత్తుతుంది.

చెయ్యి నోటి దగ్గరికి రాదు. సాగుతుంది. వంటింటి గుమ్మం దాటి, చాపల మధ్యగా, పొడుగాటి హాలంతా దాటి కిటికీ దగ్గరికి వెళ్తుంది. శశి బయటికి చూస్తూనే నోరు తెరుస్తాడు. ముద్ద వాడి నోట్లో పడుతుంది. "బాగుందమ్మా" అంటాడు. చెయ్యి ఖాళీగా వెనక్కొస్తుంది.

రెండో ముద్ద నాన్నకి వెళ్తుంది. ఆయన ఆకలి సమస్య గురించి మాట్లాడుతూ నమిలేస్తాడు. మూడోది కామేశ్వరమ్మ గారికి. ఆవిడ ఏడుస్తూనే ఇంకాస్త నెయ్యి ఉంటే బాగుండేదంటుంది.

"ఏం చెయ్యనే? దీనికి ఇంటి దారి తెలీదు" అంటుంది అమ్మ తన చేతి వైపు చూస్తూ. ఆవిడ మొహంలో మొదటిసారి భయం చూస్తాను. ఆ భయం చూడలేను. కంచంలో అన్నం తరిగిపోతోంది.

మెట్ల మీద మాటలు వినిపిస్తున్నాయి.

"దారి వదలవయ్యా. ఒక ప్రాణం కోసం వచ్చాను" అంటాడు డాక్టరు.

"కాపాడ్డానికాండి?" అంటాడు వీరభద్రం గారు.

"కాదు. చెప్పి వెళ్ళడానికి."

"చెప్పకుండా ఎల్లిపోతే ఏవవుద్దండి?"

"ఇంతవరకూ ఎవరూ అలా వెళ్ళలేదు."

తర్వాత పెనుగులాట. ఏదో పగిలిన చప్పుడు. చెప్పులు మళ్ళీ ఒక మెట్టెక్కుతాయి.

నాకు ఏమీ తోచదు. తోచకే ఆ మాట నోట్లోంచి వస్తుంది. "అమ్మా, పప్పులో ఉప్పెక్కువైనట్టుంది. అందరికీ పెట్టేస్తున్నావు. ఒకసారి చూడకూడదా?"

అమ్మ కంగారు పడుతుంది. "అయ్యో, అవునా?" అంటూ ముద్ద కలుపుతుంది. చెయ్యి పైకి లేస్తుంది. ఎటు పోవాలా అని గాల్లో కాసేపు ఆగుతుంది. అది ఇతరుల కోసం చెయ్యాల్సిన పనే కాబట్టి, తిన్నగా అమ్మ నోటికే వెళ్తుంది.

"సరిపోయిందే ఉప్పు."

"ముద్ద చిన్నది అమ్మా, అలా తెలీదు. ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూస్తుంది. తర్వాత వంకాయ కూరలో కారం చూస్తుంది. మజ్జిగ పులుసు పులిసిందేమో చూస్తుంది. నేను వడ్డిస్తూనే ఉన్నాను. అన్నం బిరుసుగా ఉందేమో చూడమంటాను, అదీ చూస్తుంది. వేడి అన్నం ఆవిడ నోటికి కొత్త. ఊదుకుంటూ, కళ్ళు సగం మూసుకుని నములుతోంది. నమలడం నిదానమవుతోంది. నేనింకేం చూడమనాలా అని వెతుక్కుంటుంటే ఆవిడే తలెత్తుతుంది.

"ఒక వడియం వెయ్యవే" అంటుంది.

ఎవరి కోసమూ కాదు. తన కోసమే అడిగింది. డబ్బాలో ఉన్న వేయించిన వడియాలన్నీ కంచంలో వేసేస్తాను.

హాలు గోడ జరగడం ఆపేస్తుంది.

డాక్టరు లోపలికొస్తాడు. చొక్కా చేతులు నలిగాయి. కళ్ళజోడుకి ఒక అద్దమే మిగిలింది. గుమ్మంలో నిలబడి వంటింట్లోకి చూస్తాడు. అక్కడ ఒకావిడ పీట మీద కూర్చుని వడియాలు కరకరలాడిస్తోంది. ఆయన చూపు ఆవిడ మీద నిలవదు. జారి నా మీదకొస్తుంది.

"ఇక్కడ అమ్మ ఎవరు?" అని అడుగుతాడు.

"ఏమోనండి" అంటుంది అమ్మ, నోటినిండా వడియంతో. "నేను భోంచేస్తున్నాను."

డాక్టరుకి చెమటలు పడతాయి. చెప్పాల్సిన మాట ఆయన నోటిదాకా వచ్చేసింది. చెప్పడానికి మనిషి దొరకలేదు. మింగితే ఆయన పాత్ర పోతుంది. దాన్ని తమలపాకు చిలకలాగా బుగ్గన పెట్టుకుని, వెళ్ళి ఒక చాప మీద కూర్చుంటాడు. కామేశ్వరమ్మ గారు ఆయనకి కొంచెం జరిగి చోటిస్తుంది.

నేను గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటాను. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ఆవులిస్తుంది. ఆవలింత పెద్దది. దానికి వంటింట్లో గిన్నెలు కూడా కదులుతాయి.

"కళ్ళు మూతలు పడుతున్నాయే. కాస్త నడుం వాలుస్తాను."

"వాల్చమ్మా. నేను చూసుకుంటాను."

మధ్యగదిలో నవారు మంచం ఉంది. అమ్మ దాని మీద వెల్లకిలా పడుకుని చేతులు కడుపు మీద పెట్టుకుంటుంది. రెండు క్షణాల్లో నిద్రపడుతుంది. ఆవిడ మొహం అంత తీరిగ్గా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. చాలా ముద్దొస్తుంది. పక్కన కూర్చుని ఈగల్ని తోలుతాను. నా జన్మలో ఇంత హాయి నాకు తెలీదు.

ఆ హాయి ఎంతోసేపు ఉండదు. కామేశ్వరమ్మ గారు మంచినీళ్ళ కోసం లేచి మధ్యగదిలోకి తొంగి చూస్తుంది. చూసి గుండెలు బాదుకుంటుంది.

"అయ్యో సత్యవేణీ! వెళ్ళిపోయావా తల్లీ!"

చాపలన్నీ ఖాళీ అవుతాయి. అందరూ గుమ్మం దగ్గర మూగుతారు. అప్పుడు నాకు అర్థమవుతుంది. మా ఇంట్లోగానీ, మా వీధిలోగానీ, మా అమ్మ పడుకుని ఉండగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆవిడ పడుకునేసరికి అందరూ నిద్రలో ఉంటారు, అందరూ లేచేసరికి ఆవిడ పొయ్యి దగ్గర ఉంటుంది. పడుకున్న అమ్మని వాళ్ళు నవలల్లోనే చూశారు, అదీ ఆఖరి అధ్యాయంలో.

"నిద్రపోతోంది" అని గుసగుసగా చెబుతాను. "కడుపునిండా తింది. నిద్రొచ్చింది."

"నిద్రా? పగలు? ఆవిడా?" అంటుంది కామేశ్వరమ్మ గారు జాలిగా. "పిచ్చిపిల్లా, నీ బాధ నాకు అర్థమైందిలే."

"గురక వినిపించడం లేదా మీకు?"

"ఆత్మ ఘోషమ్మా అది."

నాన్న కుర్చీతో సహా లేచి వచ్చాడు. "హైమా, ఆలోచించు" అంటాడు. "ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ పడుకోలేదు. ఇవాళ పడుకుంది. అంటే ఏమిటి?"

"నిద్రొచ్చిందని నాన్నా."

"అది తర్కానికి నిలవదమ్మా."

లేపితే సరిపోతుంది. భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి 'అమ్మా' అంటే చాలు. కానీ లేస్తే ఆవిడ మొదట ఏం అంటుందో నాకు తెలుసు. కళ్ళు తెరుస్తూనే "అందరూ తిన్నారా?" అంటుంది. ఆ ముక్క అనగానే మళ్ళీ అమ్మ అయిపోతుంది. డాక్టరు ఆవిడ తల దగ్గరే నిలబడి ఉన్నాడు. బుగ్గన పెట్టుకున్న మాట చర్మం లోంచి కదులుతూ కనిపిస్తోంది. పోయినవాళ్ళకి ఆ మాట చెప్పే వీలు లేదని ఆయన ఆగాడు. ఆవిడ కనురెప్పల వైపే చూస్తున్నాడు. రెప్ప కదిలితే అనేస్తాడు.

లేపితే అమ్మ పోతుంది. లేపకపోతే తీసుకుపోతారు.

అంతలో శశి కిటికీ వదిలి వస్తాడు. వాడు కిటికీ వదలడం ఇదే మొదలు. మంచం దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూలబడి నోరు తెరుస్తాడు. కథానాయకుడు 'అమ్మా' అని అరిచే చోటు ఇది. ఆ అరుపుతో అధ్యాయం ముగియాలి. ఆ అరుపుకి లేవని అమ్మ ఉండదు.

నేను ఎగిరి వాడి నోటికి చెయ్యి అడ్డం పెడతాను. అరుపు నా అరచేతిలో పడుతుంది. అప్పుడే నూనెలోంచి తీసిన పునుగులా కాలుతోంది. పిడికిలి బిగించి, దాన్ని నా కొంగున ముడివేసేస్తాను. ముడి లోపల అది ఎగిరెగిరి పడుతోంది.

"అక్కా" అనబోతాడు శశి. గొంతు రాదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఒరేయ్ నాన్నా" అంటాను వాడి చెవిలో. "అమ్మ పోయిందనే అనుకో. ఎంత కావాలంటే అంత ఏడువు. చప్పుడు మాత్రం చెయ్యకు."

వాడు తల ఊపుతాడు. వాడు నా మాట వినడం కూడా ఇదే మొదలు. వాణ్ణి చూస్తే జాలేస్తుంది.

"సరే, తీసుకెళ్ళండి" అని అందరితో అంటాను. "మంచంతోనే ఎత్తండి. కుదుపు లేకుండా ఎత్తండి."

నలుగురు మంచం ఎత్తుతారు. తల వైపు ఒక కోడు వీరభద్రం గారు పట్టుకున్నాడు. ఆయన చొక్కా చిరిగి ఉంది. మీసం ఒక వైపు వాలిపోయింది. నా వైపు చూసి, "గురక బాగుందండి" అంటాడు చాలా నెమ్మదిగా.

కింద డప్పులవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. చప్పుడు లేకుండా కొట్టమని బతిమాలతాను. వాళ్ళు మర్యాదస్తులు, ఆ మాత్రం చెయ్యగలమంటారు. డప్పుకి వెంట్రుకవాసి దూరంలో పుల్ల ఆపుతూ కొడుతూ నడుస్తారు. పేలాలు చల్లేవాళ్ళు ఒక్కొక్క గింజనీ వంగి నేల మీద పెడుతున్నారు. ఊరేగింపు దూదిలో నడుస్తున్నట్టు వెళ్తోంది. డాక్టరు మంచం పక్కనే, అమ్మ మొహం మీదకి వంగి, పక్కచూపు లేకుండా నడుస్తున్నాడు.

సందు మొగలో కామేశ్వరమ్మ గారు నా జబ్బ పట్టుకుంటుంది. "ఆడవాళ్ళు ఇక్కడిదాకే తల్లీ. శ్మశానానికి రాకూడదు."

"నేను శ్మశానానికి రావడం లేదండి. జోకొట్టడానికి వెళ్తున్నాను."

ఆవిడ ఆలోచిస్తుంది. జోకొట్టడానికి వెళ్ళకూడదని ఎక్కడా లేదు. జబ్బ వదిలేస్తుంది.

మలుపులో ఒక మోటారు సైకిలు ఎదురొచ్చి గట్టిగా హారన్ కొడుతుంది. నా ప్రాణాలు పైకి పోతాయి. మంచం మీద గురక ఆగుతుంది. డాక్టరు కళ్ళజోడు తీస్తాడు. ఒంటి అద్దాన్ని చొక్కాతో తుడుస్తాడు. పెదవులు విడతాయి. నేను పరిగెత్తి అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, మెల్లిగా తడతాను. ఏమీ అనను. 'అమ్మా' అనకూడదు. చిన్నప్పటినుంచీ ఊరికే, పని లేకపోయినా, ఎన్ని వేలసార్లు పిలిచి ఉంటానో. ఇప్పుడు పిలవలేను, ఇక ముందు కూడా పిలవకూడదు, పిలిస్తే నవల గుర్తుపట్టేస్తుంది. నాకు దుఃఖం పొంగుకొస్తుంది.

అమ్మ పక్కకి ఒత్తిగిలుతుంది.

ఒత్తిగిలేసరికి ఆవిడ కింద నుంచి నిద్ర పొర్లుతుంది. ఇన్నేళ్ళుగా పోకుండా దాచిన నిద్రంతా నవారు సందుల్లోంచి జారి, మోసేవాళ్ళ మెడల మీద పడుతుంది. వాళ్ళలో ముగ్గురు ఆవులించి రోడ్డు మీద పడుకుంటారు. డప్పులవాళ్ళు డప్పుల మీద తలలు పెట్టుకుంటారు. నాన్న కుర్చీలోనే ఒరిగిపోతాడు. శశి పేవ్‌మెంటు మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటాడు. వీరభద్రం గారొక్కడే చాలాసేపు నిలదొక్కుకుంటాడు.

"నాకూ వచ్చేత్తందండి" అంటాడు సిగ్గుపడుతూ.

"పడుకోండి. ఇవాళ్టికి ఇంకెవరికీ అడ్డుపడక్కర్లేదు."

ఆయన పడుకుంటాడు. డాక్టరు కళ్ళు మూసుకోనని మొండికేస్తాడు. రెప్పల్ని వేళ్ళతో పట్టుకుంటాడు. వేళ్ళు ముందు నిద్రపోతాయి. ఆయన మంచం కోడుకి ఆనుకుని జారిపోతాడు. తెరుచుకున్న నోట్లోంచి ఆ మాట రోడ్డు మీద పడుతుంది. ఒక కోడి వచ్చి దాన్ని ముక్కుతో పొడిచి, రుచించక వదిలేసి వెళ్తుంది.

మోసేవాళ్ళు లేరు. మంచం కింద పడదు. దాని నాలుగు కోళ్ళూ మెల్లిగా నేలకి ఆనతాయి. ముందు కోడు ఒకటి అడుగు వేస్తుంది. తర్వాత వెనక కోడు. అమ్మ కదలకుండా చూసుకుంటూ మంచం నడుస్తోంది. నేను పక్కన నడుస్తున్నాను. వీధుల్లో ఎవరూ మెలకువగా లేరు. కరెంటు తీగల మీద కాకులు ముక్కులు మూసుకుని కూర్చున్నాయి.

మా సందు తిన్నగా వెళ్తే పాల డిపో రావాలి. డిపో చోట ఇవాళ సముద్రం ఉంది. దాని హోరు వింటే నాకు మళ్ళీ భయం పట్టుకుంటుంది. అరుపునీ డప్పుల్నీ ఆపగలిగాను గానీ, దీన్ని ఎలా ఆపను? ఒక పెద్ద అల ఒడ్డుకి విరుచుకుపడటానికి లేస్తోంది. నేను ముందుకు పరిగెత్తి, దాని ఎదురుగా నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని చూపిస్తాను. వెనకాల మంచం మీద పడుకున్నావిణ్ణి చూపిస్తాను.

అల లేచినది లేచినట్టే ఆగుతుంది. వంగి చూస్తుంది. మంచం ఇసక దాటి, తడి దాటి, ఆగిన అల కిందకి నడిచి వెళ్ళి, అక్కడ చోటు చూసుకుని కోళ్ళు మడిచి కూర్చుంటుంది. అల చప్పుడు చెయ్యకుండా మెల్లిగా దిగి, ఆవిడ భుజాల దాకా పరుచుకుంటుంది. ఆవిడ ఊపిరి తీస్తే సముద్రం మొత్తం కొంచెం లేస్తోంది. వదిలితే కొంచెం దిగుతోంది. దూరంగా ఉన్న పడవలు కూడా దాంతోపాటే లేచి దిగుతున్నాయి.

కుడి పాదం ఒకటి బయటికొచ్చింది. చలి చేస్తుందేమో. నేను ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, అల అంచు పట్టుకుని, కిందికి లాగి, ఆ పాదం మీద కప్పుతున్నాను.